పులిస్తే మిగిలే నిప్పు

పొద్దున చెట్టు నుంచి దించిన ఈత కల్లు మధ్యాహ్నానికల్లా లొట్టి మూతి దాటి పొంగుతుంది. కింద మంట లేదు, గరిటె పెట్టి తిప్పినవాళ్లు లేరు. అయినా నురగ మీద నురగ కడుతూనే ఉంటుంది. చెవి దగ్గర పెడితే సన్నగా చిటపటలు వినిపిస్తాయి. రాజీవ్ రహదారి మీద గౌరారం దగ్గర దిగి సిద్దిపేట జిల్లా వర్గల్ వెళ్లేవాళ్లకు అక్కడి గుట్ట మీది సరస్వతి గుడి తెలుసు, పిల్లల అక్షరాభ్యాసాలు తెలుసు, నవోదయ విద్యాలయం తెలుసు. ఆ చుట్టుపక్కల ఊళ్ల ఈత చెట్లు, బర్రెల కొట్టాలు, కూరగాయల మళ్లు, కోళ్ల ఫారాలు మాత్రం చూసీచూడనట్టు వెనక్కి పోతాయి. బయో ఎనర్జీ గురించి సదస్సుల్లో చెప్పే రసాయనశాస్త్రం చాలావరకు ఆ దారి పక్కనే జరుగుతోంది.

లొట్టిలో కల్లు పొంగడం, గోబర్ గ్యాస్ తొట్టి మీద ఇనుప డ్రమ్ము పైకి లేవడం, ఇథనాల్ ఫ్యాక్టరీ ట్యాంకులో నూకల గంజి పులియడం, ఈ మూడూ ఒకే జాతి పనులు. గాలి అందని చోట సూక్ష్మజీవి చక్కెరనో, పిండినో, పెండనో తిని బతుకుతుంది. బతకడానికి కావలసింది కొంచెమే తీసుకోగలుగుతుంది, మిగతాది వదిలేస్తుంది. అది వదిలేసినదే మన ఇంధనం. కిణ్వ ప్రక్రియకూ జీవ ఇంధనానికీ ఉన్న చుట్టరికమంతా ఇక్కడే ఉంది. సూక్ష్మజీవులు శక్తిని పుట్టిస్తాయని తరచూ రాస్తుంటారు. అవి పుట్టించేదేమీ లేదు. ఆకు మీద పడ్డ ఎండ చక్కెరగా మారింది. ఆ చక్కెరలోని శక్తిని అవి పూర్తిగా వాడుకోలేకపోయాయి, అంతే.

ఎంత వాడుకోలేకపోయాయో లెక్క చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 180 గ్రాముల గ్లూకోజును నేరుగా మండిస్తే సుమారు 2,800 కిలోజౌల్స్ వేడి వస్తుంది. అదే గ్లూకోజును ఈస్టుకు ఇచ్చి గాలి తగలకుండా ఉంచితే, లెక్కప్రకారం 92 గ్రాముల ఆల్కహాల్, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. ఆ 92 గ్రాముల ఆల్కహాల్‌ను మండిస్తే వచ్చే వేడి 2,730 కిలోజౌల్స్ దాకా ఉంటుంది. అంటే బరువు సగానికి పడిపోయింది, మండే శక్తి మాత్రం నూటికి 97 పాళ్లు అలాగే ఉంది. మీథేన్ దాకా తీసుకెళ్తే ఇంకా విచిత్రం: 180 గ్రాముల గ్లూకోజు నుంచి 48 గ్రాముల మీథేన్ వస్తుంది, అందులో 95 శాతం శక్తి ఉంటుంది. రాజీవ్ రహదారి మీద టోల్‌గేటు వాళ్లు రుసుము తీసుకుని, సరుకుతో ఉన్న లారీని లారీలాగే వదిలేస్తారు కదా, ఈస్టు చేసేదీ అదే.

ఆ రుసుము ఏ నాణెంలో చెల్లుతుందో కనిపెట్టినవాళ్లలో ఒక తెలుగువాడు ఉన్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరి, ముందు రక్తంలోనూ కణజాలంలోనూ ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో తయారుచేశాడు. ఆ కొలతతోనే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏటీపీ అనే అణువును 1929లో బయటపెట్టారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని పట్టుకున్నాడు. ఏ జీవి అయినా తిన్నదాన్ని ముందు ఏటీపీగా మార్చుకుంటుంది, తర్వాతే పనికి ఖర్చు పెడుతుంది. మన కండరం గాలి పీల్చుకుంటూ ఒక గ్లూకోజు అణువు నుంచి సుమారు 30 ఏటీపీలు రాబడుతుంది. గాలి లేని లొట్టిలో ఈస్టుకు దక్కేవి రెండే. ఇంధనం విషయంలో సుబ్బారావు పేరు ఎవరూ ఎత్తరు, ఆయన్ను మందుల చరిత్రలోనే వదిలేస్తారు. ఇథనాల్ ఫ్యాక్టరీ లాభనష్టాలు కూడా చివరికి ఆ రెండు ఏటీపీల దగ్గరే తేలుతాయి.

ఆయనకు ముందు కథ కొంచెం ఉంది. పులియడం అంటే గాలి లేకుండా బతకడమేనని లూయీ పాశ్చర్ పందొమ్మిదో శతాబ్దంలోనే తేల్చాడు. ప్రాణమున్న కణం లేకపోతే పులవదని ఆయన పట్టుదల. 1897లో ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్టును ఇసుకతో నూరి, పిండి, రసం తీసి, అది చెడిపోకుండా ఉండాలని చక్కెర కలిపాడు. చెడిపోవడం సంగతేమో గాని రసం బుడగలు కట్టింది. కణం చచ్చినా దానిలోని ఎంజైములు పని చేస్తూనే ఉన్నాయన్నమాట. దానికి 1907లో నోబెల్ వచ్చింది. ఆ రసానికి ఫాస్ఫేటు కలిపితే పులియడం జోరందుకుంటుందని లండన్‌లో ఆర్థర్ హార్డెన్ 1905-06 ప్రాంతంలో చూశాడు. ఫాస్ఫరస్ మీద అందరి చూపూ పడటానికి అది ఒక కారణం.

మళ్లీ లొట్టి దగ్గరకు వద్దాం, ఎందుకంటే అందులో ఈస్టు ఒక్కటే లేదు. గీసిన చోట కారే నీరాలో నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెర ఉంటుంది, అందులోనూ ఎక్కువ భాగం మనం చాయ్‌లో వేసుకునే చక్కెరే. నిన్నటి కల్లు తడి ఆరని లొట్టినే చెట్టుకు కడితే, అందులో మిగిలిన సూక్ష్మజీవులే తోడు. బొట్టు పడ్డ క్షణం నుంచే పని మొదలవుతుంది. అందుకే నీరాను నీరాగా దించాలంటే లొట్టి లోపల సున్నం పూయాలి, లేదా దించీదించగానే చల్లబెట్టాలి. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద 2023 మేలో మొదలైన నీరా కేఫ్ నడవాలన్నా ఈ గొలుసు ఎక్కడా తెగకూడదు. కల్లులో దొరికే సూక్ష్మజీవుల్లో జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా ఒకటి. దీన్ని 1920ల్లో పాల్ లిండ్నర్ అనే జర్మన్ శాస్త్రవేత్త మెక్సికోలో కిత్తనార రసంతో చేసే పుల్కే అనే కల్లులో చూసి వివరించాడు. తాటి, ఈత కల్లుల్లోనూ ఉంటుంది. ఇది గ్లూకోజును విరిచే దారి వేరు. ఆ దారిలో దానికి దక్కేది రెండు ఏటీపీలు కూడా కాదు, ఒక్కటే. అంత తక్కువతో బతకాలంటే ఎక్కువ చక్కెరను గబగబా తినాలి. దాని ఒళ్లు పెరగదు, ఆల్కహాల్ మాత్రం బాగా వస్తుంది. ఇంధనం చేసేవాళ్లు దీని మీద దశాబ్దాలుగా కన్ను వేయడానికి కారణం అదే. సూక్ష్మజీవి ఎంత పేదదైతే మన ట్యాంకుకు అంత లాభం.

పొద్దుగూకేసరికి కల్లు పుల్లబడుతుంది, తెల్లారితే ఎవరూ ముట్టరు. అప్పుడు గాలి లోపలికి వచ్చేసిందన్నమాట. ఆల్కహాల్‌ను గాలితో కలిపి వెనిగర్‌గా మార్చుకునే బ్యాక్టీరియా వేరే ఉంది, అది వచ్చిందంటే మనకు మిగలాల్సిన శక్తిని అది తినేస్తోంది. పెంటకుప్ప సంగతీ అంతే. తిరగేసి గాలి ఆడనిస్తే లోపల వేడెక్కి ఆవిర్లు వస్తాయి, మంచి ఎరువు తయారవుతుంది, ఇంధనం మాత్రం దక్కదు. అదే పెండను గాలి చొరని గుంతలో మూసిపెడితే ఆ వేడి గ్యాస్ రూపంలో దాచినట్టు అవుతుంది.

కల్లులో ఆల్కహాల్ నాలుగు నుంచి ఆరు శాతం. ఫ్యాక్టరీలో ఎంత నేర్పుగా పులియబెట్టినా 12 నుంచి 15 శాతం దగ్గర ఈస్టు తాను చేసిన ఆల్కహాల్‌కే తాళలేక చేతులెత్తేస్తుంది. అంటే ట్యాంకులో నూటికి 85 పాళ్లు ఇంకా నీళ్లే. కారులో పోయాలంటే ఆ నీటిని మొత్తం విడదీయాలి. ఎంత కాచి బట్టీ పెట్టినా 95 శాతం దాటాక ఇక విడిపోదు. చివరి చుక్క నీటిని జల్లెడ లాంటి ఖనిజ గుళికలతో పీల్చేయాలి. లెక్కలో 97 శాతం శక్తి నిలిచిందని పైన మురిసిపోయాం కదా, అందులో మంచి భాగం బాయిలర్ కింద ఊకగానో బొగ్గుగానో తిరిగి ఖర్చవుతుంది. ఈ మాట ప్రకటనల్లో కనపడదు.

తెలంగాణలో ఇథనాల్ అంటే చెరకు కంటే ఎక్కువగా బియ్యం నూకలు, మక్కలు. ఇందులో మన ఎండల పాత్ర ఉంది. యాసంగి వడ్లు మార్చి, ఏప్రిల్ వేడికి గింజలో సన్నటి పగుళ్లు తీస్తాయి. పచ్చి బియ్యంగా పట్టిస్తే నూక ఎక్కువ పడుతుంది. అందుకే ఉప్పుడు బియ్యం చేసేవాళ్లు. ఉప్పుడు బియ్యం కొనబోమని కేంద్రం అన్న 2021-22 నాటి గొడవ రైతులకు ఇంకా గుర్తే. నూక ఎటు పోవాలన్న ప్రశ్నకు ఇథనాల్ ఒక జవాబుగా వచ్చింది. టన్ను బియ్యం నుంచి సుమారు 450 లీటర్లు, టన్ను మక్కల నుంచి 380 లీటర్ల ఇథనాల్ వస్తుందని నీతి ఆయోగ్ 2021 నివేదిక లెక్క కట్టింది. కల్లులో ఉన్నట్టు ఇక్కడ చక్కెర తయారుగా ఉండదు. పిండి పదార్థాన్ని ఈస్టు నేరుగా తినలేదు. ముందు గంజిలా ఉడికించి, ఎంజైములు వేసి చక్కెరగా విరిచి, అప్పుడు ఈస్టుకు పెట్టాలి. పులిశాక అడుగున మిగిలే పిప్పిలో మాంసకృత్తులు బాగా ఉంటాయి. ఎండబెడితే డీడీజీఎస్ అనే పేరుతో కోళ్లకు, పశువులకు దాణాగా పోతుంది. గజ్వేల్ వైపు కోళ్ల ఫారాలకూ నూకల ఇథనాల్‌కూ అలా ఒక బంధం ఉంది.

నాకు ఈ దారి మీద పెద్దగా మోజు లేదు. కిలో వడ్లు పండాలంటే సగటున 2,500 లీటర్ల నీరు పొలానికి అందాలని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ వాళ్ల అంచనా. వర్గల్ ప్రాంతంలో ఆ నీరు బోరు మోటారు కరెంటుతో పైకొస్తుంది. లేకపోతే 2020 మేలో నీళ్లు చేరిన కొండపోచమ్మ సాగర్ నుంచి వస్తుంది. గోదావరి నుంచి మెట్టుమెట్టుగా ఎత్తిపోస్తే సముద్రమట్టానికి 600 మీటర్లపైకి ఎక్కిన నీరది. కరెంటుతో నీరు, నీటితో వరి, వరితో ఆల్కహాల్, ఆల్కహాల్ నుంచి నీటిని వెళ్లగొట్టడానికి మళ్లీ బాయిలర్. ముక్కిపోయిన గింజ, రంగు మారిన నూక దాకా సరే. తినే బియ్యాన్ని దీనికి మళ్లిస్తే లెక్క కుదరదు. పైగా లీటరు ఇథనాల్‌లో లీటరు పెట్రోలులో ఉన్న శక్తిలో మూడింట రెండు వంతులే ఉంటుంది. 20 శాతం కలిపిన ఈ20 పెట్రోలులో లీటరుకు ఆరేడు శాతం శక్తి తగ్గడం సూత్రం ప్రకారమే జరుగుతుంది, అందులో రహస్యమేమీ లేదు. నారాయణపేట జిల్లా చిత్తనూరు, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్, గద్వాల జిల్లా పెద్ద ధన్వాడ ఊళ్ల జనం ఇథనాల్ ఫ్యాక్టరీలు వద్దని రోడ్డెక్కారు. దిలావర్‌పూర్‌లో 2024 నవంబర్‌లో రాస్తారోకో తర్వాత పనులు ఆపేయాల్సి వచ్చింది. అక్కడి జనం అడిగింది మైలేజీ గురించి కాదు, నీళ్ల గురించి, వాసన గురించి. బట్టీ పెట్టాక అడుగున మిగిలే మడ్డి నీటిలో పులియగల పదార్థం ఇంకా చాలా ఉంటుంది. దాన్ని సరిగా శుద్ధి చేయకుండా వదిలితే వాగులో నీటి ఆక్సిజన్‌ను లాగేస్తుంది.

మీథేన్ దారిలో ఈ విడదీసే బాధ లేదు. గ్యాస్ నీళ్లలో కరగకుండా తనంతట తానే బుడగై పైకి వస్తుంది. నీళ్లు ఎనభై, తొంభై శాతం ఉన్న పెండకూ కుళ్లిన టమాటాకూ ఇదే తగిన దారి అనిపించేది ఇందుకే. కానీ పని ఒక్క జీవి చేసేది కాదు. మొదటి జట్టు పీచును, పిండిని, కొవ్వును చిన్న ముక్కలు చేస్తుంది. రెండో జట్టు వాటిని ఆమ్లాలుగా పులియబెడుతుంది. మూడో జట్టు ఆ ఆమ్లాలను అసిటేటుగా, హైడ్రోజన్‌గా విరుస్తుంది. చివర మీథేన్ చేసేవి అసలు బ్యాక్టీరియాలే కావు. ఇవి ఆర్కియా అనే వేరే వంశమని కార్ల్ వూస్ 1977లో తేల్చాడు. భూమ్మీద గాలిలో ఆక్సిజన్ లేని కాలం నాటి బతుకు వీటిది. ఆక్సిజన్ తగిలితే ఇప్పటికీ ఓర్చుకోలేవు. చెరువు అడుగు బురదలో కర్రతో కెలికితే పైకొచ్చే బుడగలు వీటి పనే. ఇటలీలో మజోరె సరస్సు దగ్గర అలా కెలికి పట్టిన గ్యాస్ మండుతుందని వోల్టా 1776లోనే చూపించాడు.

వర్గల్ మండలంలో వీటికి అతి పెద్ద నివాసం గోబర్ గ్యాస్ తొట్టి కాదు, బర్రె కడుపు. మేసిన గడ్డిని పెద్దపొట్టలో సూక్ష్మజీవులు పులియబెడతాయి. అక్కడ తయారయ్యే ఆమ్లాలతోనే బర్రెకు కావలసిన శక్తిలో ఎక్కువ భాగం సమకూరుతుంది. నెమరు వేస్తూ తేన్చినప్పుడల్లా మీథేన్ బయటికి పోతుంది. తిన్న మేతలోని శక్తిలో సుమారు ఆరు శాతం ఇలా గాలిలో కలుస్తుంది. అంటే పెండ మన చేతికొచ్చేసరికి సులువుగా పులిసేదంతా బర్రె లోపలే పులిసిపోయింది. మిగిలింది గట్టి పీచు. గ్లూకోజు మీద 95 శాతం అని చెప్పిన లెక్క పెండ మీద పనిచేయకపోవడానికి కారణం ఇది.

ఆ తేడా ఎంతో చూద్దాం. పాతిక కిలోల పచ్చి పెండలో ఎండు పదార్థం ఐదు కిలోలు. దాన్ని పిడకలు చేసి మండిస్తే 65 నుంచి 70 మెగాజౌల్స్ వేడి వస్తుంది. తొట్టిలో పులియబెడితే సుమారు ఒక ఘనపు మీటరు గ్యాస్ వస్తుంది. దాని విలువ 20 మెగాజౌల్స్ పైచిలుకు, మూడో వంతు. నష్టమే అనిపిస్తుంది. కానీ మట్టి పొయ్యిలో పిడకల వేడి నూటికి పదిపాళ్లే గిన్నెకు చేరుతుంది, మిగతాది పొగతో పాటు వంట చేసే ఆవిడ కళ్లలోకి పోతుంది. గ్యాస్ స్టవ్ మీద సగానికి పైనే గిన్నెకు అందుతుంది. గిన్నె కింద తేలిన అసలు లెక్క: పిడకలతో ఏడు మెగాజౌల్స్, గ్యాస్‌తో పదకొండు. పిడకలు మండితే నత్రజని పొగలో కలిసిపోయి బూడిద మిగులుతుంది. తొట్టిలో నత్రజని, భాస్వరం ఎక్కడికీ పోకుండా స్లర్రీలోనే ఉంటాయి. శక్తిని మాత్రమే తీసుకుని ఎరువును వెనక్కిచ్చే ఇంధనం నాకు తెలిసి ఇంకొకటి లేదు.

మరి ఇంత మంచిది ఊళ్లలో ఎందుకు మూలపడింది? 1981-82లో మొదలైన జాతీయ పథకం కింద ఖాదీ కమిషన్ తేలే డ్రమ్ము నమూనా, తర్వాత ఇటుకల గుమ్మటంతో దీనబంధు నమూనా చాలా ఇళ్లకు వచ్చాయి. రెండు ఘనపు మీటర్ల తొట్టికి రోజుకు యాభై కిలోల పెండ కావాలి, అంటే నాలుగైదు పశువులు. ట్రాక్టర్లు వచ్చాక ఎడ్లు పోయాయి. 1999లో దీపం పథకంతో సిలిండరు వాకిట్లోకి వచ్చింది. రోజూ పెండకు సమానంగా నీళ్లు పోసి, చేత్తో కలిపి, గడ్డి ఏరి, తూములో పోసే పని ఎవరిది? ఆడవాళ్లదే. ఆ ఓపికకు విలువ కట్టకుండా వేసిన లెక్కలు కాగితం మీదే నిలిచాయి. డ్రమ్ము తుప్పు పట్టడం ఒక బాధ, చలి ఇంకో బాధ. మీథేన్ చేసే జీవులకు 35 డిగ్రీల చుట్టుపక్కల వేడి ఇష్టం. మెదక్, సిద్దిపేట వైపు డిసెంబర్ రాత్రుల్లో పాదరసం పది డిగ్రీల దగ్గరకు దిగినప్పుడు గ్యాస్ బాగా తగ్గుతుంది. సరిగ్గా వేడినీళ్లు ఎక్కువ కావలసిన రోజుల్లోనే స్టవ్ మంట చిన్నబోతుంది.

పశువులు తగ్గినచోట కూరగాయలు పెరిగాయి. వర్గల్, ములుగు, మర్కూక్ రైతుల టమాటా, వంకాయ, బీరకాయ, ఆకుకూరలు రాజీవ్ రహదారి మీద వంటిమామిడి మార్కెట్‌కు వస్తాయి, అక్కడి నుంచి హైదరాబాద్‌కు పోతాయి. ధర పడిన రోజు టమాటా ట్రేలు ఎక్కడ పారబోయాలో తెలియని పరిస్థితి. నగరం మొదట్లో బోయిన్‌పల్లి మార్కెట్ ఉంది. అక్కడ రోజుకు సుమారు పది టన్నుల కూరగాయల వ్యర్థంతో గ్యాస్ తీసి, దాదాపు 500 యూనిట్ల కరెంటు, క్యాంటీన్ వంటకు ఇంధనం తయారుచేసే ప్లాంటు పెట్టారు. సాంకేతికత తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, అంటే ఐఐసీటీది. గంగాగ్ని రావు బృందం తయారుచేసిన రియాక్టర్ అది. గ్యాస్‌నే తిరిగి లోపలికి పంపి ముద్దను కలియబెట్టడం దాని ప్రత్యేకత. 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో ప్రస్తావించడంతో అందరికీ తెలిసింది.

పది టన్నుల నుంచి 500 యూనిట్లేనా అని పెదవి విరిచేవాళ్లు ఉంటారు. కూరగాయల్లో 90 శాతం పైన నీరే. పది టన్నుల్లో ఎండు పదార్థం ఎనిమిది వందల కిలోల నుంచి టన్ను. దాని నుంచి నాలుగు వందల ఘనపు మీటర్ల లోపు గ్యాస్ వస్తుంది. ఘనపు మీటరుకు జనరేటర్ ఇచ్చేది యూనిట్‌న్నర. లెక్క సరిగ్గా అక్కడికే వస్తుంది. ఇది రాష్ట్రానికి కరెంటు ఇచ్చే యంత్రం కాదు. పది టన్నుల కుళ్లును లారీల్లో డంపింగ్ యార్డుకు పంపకుండా, మార్కెట్ లైట్లను మార్కెట్ చెత్తతోనే వెలిగించే ఏర్పాటు. ఆ మాటే చెబితే చాలు.

కూరగాయల వ్యర్థంతో ఒక ప్రమాదం ఉంది. పెండ నిదానంగా పులుస్తుంది, టమాటా గబగబా పులుస్తుంది. ఒకేసారి ట్రాలీ టమాటా గుమ్మరిస్తే ఆమ్లాలు చేసే జట్టు రెచ్చిపోతుంది. మీథేన్ చేసే జీవులు మెల్లగా పెరిగే రకం, అవి అందుకోలేవు. పులుపు పెరిగేకొద్దీ అవి చచ్చిపోతాయి, అవి చచ్చేకొద్దీ పులుపు ఇంకా పెరుగుతుంది. మూడు నాలుగు రోజుల్లో గ్యాస్ మంట నీలంగా నిలబడక ఆరిపోతుంది. వచ్చేదంతా కార్బన్ డయాక్సైడే. తొట్టి మూత దగ్గర ముక్కు పెట్టిన అనుభవజ్ఞుడు మీటరు లేకుండానే పుల్లవాసన పట్టేస్తాడు. మందు ఏమిటంటే మేత ఆపడం, కొంచెం సున్నం, పాత తొట్టి నుంచి తెచ్చిన స్లర్రీ, ఆపైన ఓపిక. కోళ్ల ఎరువుతో బాధ దీనికి ఎదురు: అందులో నత్రజని ఎక్కువ, పులిస్తే అమోనియా పుట్టి అదే జీవులను ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. రెండింటినీ విడివిడిగా పోస్తే రెండూ చెడతాయి. టమాటా, కోళ్ల ఎరువు, బర్రె పెండ పాళ్లు కుదిర్చి కలిపితే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. ఈ మూడూ వర్గల్ చుట్టుపక్కల దొరుకుతాయి. పక్కనే ములుగులో ఉద్యాన విశ్వవిద్యాలయం కూడా ఉంది. ఆ పాళ్లు తేల్చే పని వాళ్లు మీద వేసుకుంటే బాగుంటుంది.

జిల్లా కేంద్రంలో ఇంకో దారి పట్టారు. ఇంటింటి తడిచెత్త, పొడిచెత్త వేరు చేయించడంలో పేరు తెచ్చుకున్న సిద్దిపేట మున్సిపాలిటీ, బుస్సాపూర్ దగ్గర తడిచెత్తతో బయో సీఎన్‌జీ ప్లాంటు పెట్టింది. తొట్టి నుంచి వచ్చే గ్యాస్‌లో మీథేన్ 55 నుంచి 65 శాతమే. మిగతాది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్, కొంచెం కుళ్లు గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్. ఈ రెండోది యంత్రాలను తినేస్తుంది. రెండింటినీ తీసేసి మీథేన్‌ను 90 శాతం పైకి తెచ్చి, గట్టిగా నొక్కి సిలిండర్లకు ఎక్కిస్తే బండ్లు నడుస్తాయి. దీనికి ఖర్చు ఉంది, కరెంటు కావాలి. చిన్న ఊళ్లో ఈ హంగు అనవసరం. గ్యాస్‌ను పుట్టిన చోటే హాస్టల్ వంటకో, హోటల్ పొయ్యికో వాడుకుంటే శుద్ధి చేసే బాధ సగం తప్పుతుంది.

పులియడాన్ని మీథేన్ దాకా పోనీయకుండా మధ్యలోనే ఆపి హైడ్రోజన్ పట్టుకోవచ్చు కదా అనే ఆలోచన మీద కూడా ఐఐసీటీలో చాలా పని జరిగింది. ఆ రంగంలో అక్కడ పరిశోధన చేసిన ఎస్. వెంకట మోహన్‌కు 2014లో భట్నాగర్ పురస్కారం వచ్చింది. చీకట్లో పులియబెట్టి హైడ్రోజన్ తీస్తే గ్లూకోజు శక్తిలో మహా అయితే 40 శాతం పైచిలుకు దక్కుతుంది, నిజంగా దక్కేది అందులో సగం. మిగతాది ఆమ్లాల్లో ఉండిపోతుంది. ఆ ఆమ్లాలను ఎవరో ఒకరు తినాలి. చాలాచోట్ల ఆ పని మళ్లీ మీథేన్ చేసే జీవులకే అప్పగిస్తారు.

ఇక తొట్టి పెట్టాలనుకునే పంచాయతీకి రెండు మాటలు పనికొస్తాయి. గుమ్మటానికి పగులు, పైపుకు చిల్లు ఉంటే పెట్టకపోవడమే మేలు. నూరేళ్ల లెక్కలో చూస్తే బరువుకు బరువు మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. సబ్బు నురగ పూసి చూస్తే లీకు ఎక్కడుందో బుడగలే చెబుతాయి. రెండోది స్లర్రీ. తూము నుంచి బయటికి వచ్చే నల్లటి చిక్కటి ద్రవంలో నత్రజని చాలావరకు అమోనియా రూపంలో ఉంటుంది. మధ్యాహ్నం ఎండలో గుంతలో అలా వదిలేస్తే అది గాలిలో కలిసిపోతుంది. గడ్డి, ఆకు చెత్త మీద పోసి పీల్పించాలి. లేదా సాయంత్రం పూట కాలువ నీటితో కలిపి మడిలో పారించి, వెంటనే మట్టి కప్పాలి. వంకాయ తోటకు, మక్కకు ఇది సరిపోతుంది, పచ్చిగా తినే కొత్తిమీర, పాలకూర ఆకుల మీద మాత్రం చల్లకూడదు.